కుక్క కాయితం మీద సంతకం

చంపాలని ఆరు నెలలుగా అనుకుంటున్న మనిషికి సంజీవమ్మ తన చేత్తోనే టీ కలిపి ఇచ్చింది. చక్కెర రెండు చెంచాలు. అతనికి తీపి ఎక్కువ పడాలన్న సంగతి ఆమె మరిచిపోలేదు.

“ఇంటి టీ తాగి ఎన్నాళ్ళయిందోనండి సంజీవమ్మగారూ,” అన్నాడు రమేష్‌బాబు, గ్లాసును రెండు చేతుల మధ్యా పొదువుకుని. “తమరు క్షేమంగా ఉన్నారు. అదే పదివేలు.”

“ఉండానన్నా,” అంది సంజీవమ్మ. “తాగు, చల్లారిపోతాది.”

అతన్ని వెంటబెట్టుకొచ్చిన దొరబాబుకు ఆనందం పట్టరాకుండా ఉంది. దొరబాబుది అమలాపురం పక్క పల్లె. యుద్ధానికి ముందు కువైట్ విమానాశ్రయంలో సరుకులు ఎక్కించేవాడు.

“మన గోదారోడే అక్కగారూ. జవాజ్ జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. దేవుడు పంపినట్టు లేదూ? పదమూడు పేణాలకీ తోడు దొరికేసినట్టే.”

జవాజ్ అంటే పాస్‌పోర్టు. ఇరాక్ సైన్యం కువైట్ వదిలి పారిపోయి నెల కావస్తున్న ఆ రోజుల్లో, పనివాళ్ళలో పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాడు నూటికి ఒకడు. సంజీవమ్మది యజమాని ఇంటి బీరువాతో పాటు సైనికులు ఎత్తుకుపోయారు. దొరబాబుది కంపెనీ ఆఫీసులో కాలిపోయింది. వడ్రంగి లాల్ బాషాది అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, దగ్గర ఉంది, ఆ కఫీల్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మరి రమేష్‌బాబు చేతికి తన పాస్‌పోర్టు ఎలా వచ్చిందో దొరబాబు అడగలేదు. సంజీవమ్మ అడగాల్సిన పని లేదు. అతను ఏ ఇళ్ళలో ఏ సొరుగులు తెరిచాడో ఆమె ఊహించుకోగలదు.

బయట పొద్దున పది గంటలకే చీకటి కమ్మినట్టుంది. దక్షిణాన నూనె బావులు మండుతున్నాయి. ఆ పొగ రుమైథియా వీధుల మీద దుప్పటిలా పరుచుకుంది. పెరట్లో పిల్లులు నల్లటి కళ్ళె దగ్గుతున్నాయి.

వాళ్ళ పనికి పేరంటూ ఏమీ లేదు. జనం మాత్రం ‘కుక్కల విమానం వాళ్ళు’ అనేవారు. ఆగస్టులో దాడి జరిగినప్పుడు ఇళ్ళ యజమానులు చాలామంది సెలవులకని పై దేశాల్లో ఉన్నారు. ఉన్నవాళ్ళు కట్టుబట్టలతో పారిపోయారు. కుక్కలూ పిల్లులూ తాళం వేసిన ప్రహరీల లోపల ఉండిపోయాయి. ఊరు విడిచి పోయే పనిమనుషులు ఒక్కొక్కరే వచ్చి, “అక్కా, మా కుక్కకు ఇంత రొట్టె వెయ్యి,” అని తాళాలు సంజీవమ్మ చేతిలో పెట్టి పోయారు. అలా ఇరవై ఆరు ఇళ్ళ తాళాలు పోగయ్యాయి. ఆమె, ఆమె భర్త సిద్ధయ్య కలిసి రొట్టెలు, నీళ్ళు మోసుకుని గోడలెక్కి దిగేవారు.

యుద్ధం ముగిశాక సహాయం సరుకులతో విమానాలు రావడం మొదలైంది. నిండుగా వచ్చి ఖాళీగా తిరిగిపోతున్నాయి. ఆ ఖాళీని ముందు చూసినవాడు దొరబాబు. బహ్రెయిన్ పోయే ఒక పైలట్ ఒప్పుకున్నాడు కానీ మూడు షరతులు పెట్టాడు. పెట్టెలు గట్టిగా ఉండాలి. ప్రతి జంతువుకూ కాయితం ఉండాలి. తోడు ఒక మనిషి ఎక్కాలి. ఆ మనిషికి పాస్‌పోర్టు ఉండాలి. మనిషి తోడు లేకుండా జంతువును ఎక్కించేది లేదు. ఖలాస్.

రాయచోటి లాల్ బాషా అర్దియాలో వడ్రంగి షెడ్డు తెరిచి, ఇరాక్ సైనికులు పారేసి పోయిన తూటాల పెట్టెల చెక్కతో బోనులు చేశాడు. రెండు విమానాలు వెళ్ళాయి. మొదటిసారి ఒక ఫిలిప్పీన్స్ నర్సు, రెండోసారి ఒక గోవా వంటమనిషి తోడు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారా? మూడో విమానం శుక్రవారం. ఆరు కుక్కలు, నాలుగు పిల్లులు, రెండు కుందేళ్ళు, రెక్క విరిగిన ఒక డేగ బోనుల్లో సిద్ధంగా ఉన్నాయి. మనిషే లేడు.

ఇప్పుడు మనిషి వచ్చాడు. వచ్చి ఆమె వంటింట్లో కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

“పాపం సిద్ధయ్య,” అన్నాడు రమేష్‌బాబు గ్లాసు కింద పెట్టి. “బంగారంలాంటి మనిషండి. ఏ దుర్మార్గుడు చెప్పాడో మరి. వాడికి పుట్టగతులుండవు.”

“ఉండవులే అన్నా,” అంది సంజీవమ్మ. “ఇంకొంచెం పోసేదా?”

*

సెప్టెంబరు పదిహేడో తేదీ పొద్దున ఆమె మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన బట్టలు ఆరేస్తోంది.

పెరట్లో కుక్కల కొట్టం ఉంది. దాని వెనక గోడలో ఒక తలుపు, ఆ తలుపు వెనక గడ్డి నిల్వకని కట్టిన చిన్న గది. ఆ గదిలో ఇంటి కొడుకు ఫహద్ దాక్కుని నలభై రోజులైంది. తల్లి, చెల్లెళ్ళు పెళ్ళికని బహ్రెయిన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఫహద్ అక్కడున్న సంగతి నలుగురికే తెలుసు. ఫహద్‌కు, సిద్ధయ్యకు, సంజీవమ్మకు, జమియా సహకార కొట్టు నుంచి తన పికప్‌లో బియ్యం, రొట్టెలు తెచ్చిపెట్టే రమేష్‌బాబుకు.

వీధి మలుపులో జీపు ఆగింది. వెనక సీట్లో సైనికుల మధ్య రమేష్‌బాబు ఉన్నాడు. చేతులు కట్టేసి లేవు. అతను చెయ్యెత్తి కూడా చూపలేదు. కొట్టం వైపు గడ్డం ఎత్తాడు, అంతే. ఎవరైనా దారి అడిగితే చెప్పినంత తేలిగ్గా.

సైనికులు ఇల్లు వెతకలేదు. నేరుగా కొట్టానికే పోయి ఫహద్‌ను బయటికి లాగారు. సిద్ధయ్యను పెరట్లోంచి ఈడ్చుకుపోతుంటే అతను తల ఎత్తకుండా, కుక్కతో చెబుతున్నట్టు మెల్లగా తెలుగులో అన్నాడు: “నీళ్ళు పెట్టేది మరవగాకు. కిందికి రావాకు.”

మూడో రోజు పొద్దున అతన్ని గేటు ముందు పారేసి పోయారు. ఫహద్ జాడ మాత్రం తెలియలేదు.

భర్తకు ఆమె చితి పేర్చలేకపోయింది. కట్టెలున్నాయి, కానీ పొగ లేస్తే సైనికులు వస్తారు. లాల్ బాషా, ఆమె కలిసి అతను నాటిన రేగుచెట్టు కింద ఇసుకలోనే పూడ్చారు. ఆ రోజు పిడికెడు పొగకు దిక్కులేదు. ఇప్పుడు ఆకాశమంతా పొగే. తల ఎత్తినప్పుడల్లా సంజీవమ్మకు ఒళ్ళు మండిపోయేది.

ఆ వారంలోనే రమేష్‌బాబు పికప్ అద్దానికి ఇరాక్ వాళ్ళ పర్మిట్ కాయితం అతికి ఉండటం ఆమె చూసింది. ఊళ్ళో ప్రతి బండినీ లాక్కుంటున్న కాలంలో ఆ బండి ఒక్కటీ దర్జాగా తిరిగింది. ఆ తరువాత అతను కనబడలేదు. చూసిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నలుగురికి తెలిసిన రహస్యం ఏం చేసిందో ఆమె కళ్ళారా చూసింది.

*

ఇప్పుడు ఒక్క మాట చాలు. ప్రతి వీధి మలుపులో సైతరా ఉంది. తుపాకులు పట్టుకున్న కువైటీలు అక్కడ వచ్చేపోయే వాళ్ళను ఆపి తనిఖీ చేస్తున్నారు. శత్రువుకు సాయపడ్డవాళ్ళ కోసం కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్నారు. సంజీవమ్మ ఒకసారి వేలు చూపిస్తే చాలు, రమేష్‌బాబు సాయంత్రానికి ఉండడు. అతనికీ ఆ సంగతి తెలుసు. అందుకే కుక్కల విమానం వెతుక్కుంటూ వచ్చాడు. సరుకుల గేటు దగ్గర ప్రయాణికుల లిస్టు చూసేవాళ్ళుండరు.

కానీ అతను పోతే విమానానికి మనిషి లేడు. వీధుల్లో తిరిగే కుక్కల్ని కాల్చేస్తున్నారు. పెరట్లో ఉన్నవాటికి నీళ్ళు రోజుకు ఒక డబ్బా. డేగ నాలుగు రోజులుగా మాంసం ముట్టలేదు. ఇంకో వారం ఆ పొగలో అవి బతకవు.

నీళ్ళు పెట్టేది మరవగాకు.

ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లవారేసరికి సంజీవమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ఇతను వెళ్ళాలి. జంతువుల్ని దించాలి. దించిన చోటే దొరకాలి.

బహ్రెయిన్‌లో ఆ జంతువుల్ని దింపుకునేది ఎవరో రమేష్‌బాబుకు తెలియదు. అతను అడిగాడు కూడా.

“అక్కడెవరండి తీసుకునేది?”

“ఎవరో ఆడోళ్ళంట. కుక్కలంటే పాణం పెడతారంట.”

“మరి మీ మామా వాళ్ళో?”

“లండన్ పోయినారు,” అంది సంజీవమ్మ, ఉల్లిపాయ తరుగుతూ. కన్నీళ్ళు వస్తే ఉల్లిపాయవే అనుకుంటాడు.

మామా అంటే ఇంటి యజమానురాలు, ఆవిడ లండన్ పోలేదు. ఫహద్ తల్లి ఉమ్ ఫహద్ బహ్రెయిన్‌లో అన్నదమ్ముల ఇంట్లో ఉంది. మొదటి రెండు విమానాలనూ దింపుకుంది ఆవిడే. కొడుకును ఇరాక్ పట్టుకుపోయిందని మాత్రమే ఆవిడకు తెలుసు. ఎవరు పట్టించారో తెలియదు.

*

మూడు రోజులు రమేష్‌బాబు ఆ ఇంట్లోనే ఉన్నాడు. గేటు దాటలేదు. పనిలో మాత్రం వంక పెట్టలేం. బోనులు కడిగాడు. గజ్జి పట్టిన పిల్లికి మందు పూశాడు. డేగ ముక్కు తెరిచి రెండు మాంసం ముక్కలు మింగించాడు.

ఫహద్ సలూకీ వేటకుక్క బర్క్, పాలరంగుది, సన్నగా బాణంలా ఉంటుంది. ఆ సెప్టెంబరు నుంచి అది సంజీవమ్మ చేత్తో తప్ప తినడం లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆమె పెరట్లోకి వచ్చేసరికి బర్క్ రమేష్‌బాబు అరచేతిలో రొట్టె తింటోంది. అయిపోయాక వేళ్ళు నాకింది. పాత పరిచయం కదా.

“చూశారా అండి,” అన్నాడతను మురిసిపోతూ. “మనిషి మర్చిపోతాడేమో గానీ కుక్క మర్చిపోదు.”

సంజీవమ్మకు ఆ క్షణంలో ఆ కుక్కను కూడా ఒక తన్ను తన్నాలనిపించింది. ఏం తెలుసు దానికి. లోపలికి వెళ్ళి, గోడకు నుదురానించి, యాభై అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ బయటికి వచ్చింది.

“మంచిదేలే అన్నా. దారిలో నీ మాట వింటాది.”

గురువారం మధ్యాహ్నం కాయితాలు రాసే పని. ఒక్కో జంతువుకు ఒక్కో కాయితం. దాన్ని వాళ్ళు నవ్వులాటకు ‘ఇఖామా’, అంటే నివాస పర్మిట్, అనేవారు. పేరు, ఏ ఇంటిది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది. అంతా అరబ్బీలో, కింద కార్బన్ పెట్టి. పై ప్రతి తోడు వెళ్ళేవాడి చేతికి, కింది ప్రతి పైలట్ సంచిలోకి. రెండింటి మీదా తోడు వెళ్ళేవాడి సంతకం ఉండాలి.

రాసేది సంజీవమ్మే. ఆరేళ్ళు ఆ ఇంటి ఆడపిల్లలు వంటింటి బల్ల మీద హోంవర్కు చేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని బీన్స్ ఒలిచింది. పిల్లలు పారేసిన నోటుబుక్కుల మీద తనూ దిద్దింది. మామాకు తెలిసి, నవ్వి, ఒక పెన్ను కొనిచ్చింది. రమేష్‌బాబుకు ఆ సంగతి తెలియదు. కడప పనిమనిషి అరబ్బీ రాస్తుందని అనుకునేవాడెవడు?

ఆమె లోపలి గది తలుపు గడియ పెట్టుకుని రాసింది. పన్నెండు కాయితాలు గంటలో అయ్యాయి. పదమూడోది బర్క్‌ది. దానికే ఇంకో గంట పట్టింది.

‘బర్క్. సలూకీ. మగది. మన ఇంటిదే. అన్నం, ఉడికించిన కోడి తింటుంది. బూట్ల చప్పుడుకు భయపడుతుంది. దీనితో వచ్చినవాడి పేరు రమేష్‌బాబు. మామా, సెప్టెంబరు పదిహేడున సైనికుల జీపులో కూర్చుని కొట్టం వైపు చూపించింది ఇతనే. నేను ట్యాంకు పక్కనుంచి చూశాను. ఫహద్‌నూ సిద్ధయ్యనూ ఆ వెంటనే తీసుకుపోయారు. బదులుగా ఇతని బండి ఇతనికి వదిలేశారు. జంతువులన్నీ దిగేదాకా ఇతన్ని ఏమీ అనొద్దు. డేగకు ఇతను కావాలి. కింద ఉన్నది ఇతని సంతకం.’

రమేష్‌బాబు బల్ల ముందు కూర్చుని ఒక్కో కాయితం మీదా సంతకం చేస్తూ పోయాడు. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, కింద రెండు గీతలు, రెండు చుక్కలు.

“పదకొండేళ్ళుగా ఇదేనండి,” అని నవ్వాడు. “అరబ్బీలో తిట్టమంటే పొద్దుటిదాకా తిడతాను, ఆయ్. చదవమంటే మాత్రం వాన చినుకుల్లా కనబడతాయి. కఫీల్ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేడమే.”

“మేమూ అంతే కదన్నా.”

బర్క్ కాయితం దగ్గర అతని చెయ్యి ఆగింది.

“ఇదేంటండి, దీని మీద ఇంత రాశారు?”

“అరబ్బు డాక్టరు రాసినాడు. ఆ కుక్కకు రోగాలు జాస్తి. అన్నీ ఎక్కించినాడు.”

“పాపం,” అన్నాడు రమేష్‌బాబు, గట్టిగా ఒత్తి సంతకం పెట్టాడు. కార్బన్ కింద కూడా చక్కగా పడింది.

*

శుక్రవారం పొద్దున గాలి ఉత్తరం తిరిగింది. పొగ దక్షిణానికి జరిగి, చాలా రోజులకు ఎండ కనబడింది. లాల్ బాషా పికప్ వెనక పదమూడు బోనులు కట్టారు. సంజీవమ్మ బోనుల పక్కన కూర్చుంది. రమేష్‌బాబు ముందు సీట్లో, ఒళ్ళో కాయితాల కట్టతో.

మూడు సైతరాలు ఇట్టే దాటారు. విమానాశ్రయం గేటు ముందున్న నాలుగోదాని దగ్గర బండి ఆపారు. అక్కడ ఉన్నాయన ముసలాయన. తెల్లటి దిష్‌దాషా పొడుగు అంగీ, భుజాన తుపాకీ, ముక్కు మీద కళ్ళజోడు. తుపాకీ తీసి బెత్తం ఇస్తే బడిపంతులే.

“కాయితాలు,” అని చెయ్యి చాపాడు.

రమేష్‌బాబు కట్ట ఇచ్చాడు. అందరిలా పైపైన చూసి ఇచ్చేస్తాడనుకుంది సంజీవమ్మ. ఆయన మొదటి కాయితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు.

“కుందేలు. క్యారెట్ తింటుంది. చీపురుకు భయపడుతుంది.” ఆయన నవ్వాడు. “నా మనవరాలూ అంతే.”

రమేష్‌బాబు కూడా నవ్వాడు. అరబ్బీ చదవడం రాదు గానీ, వింటే ఒక్క ముక్క వదలకుండా అర్థమవుతుంది రమేష్‌బాబుకు.

“మిష్మిష్. పిల్లి. దగ్గుతుంది.” ఇంకోటి. “డేగ. ఎడమ రెక్క.” ఇంకోటి. ముసలాయన ఒక్క కాయితమూ వదలడం లేదు. ఆమె అడ్డం పడితే అనుమానపడతాడు. అడ్డం పడకపోతే అయిపోయింది. లాల్ బాషా స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు, ఏమీ తెలియక.

“బర్క్. సలూకీ. మగది.” ముసలాయన గొంతు సాగింది. “అన్నం, ఉడికించిన కోడి తింటుంది. బూట్ల చప్పుడుకు భయపడుతుంది. దీనితో—”

సంజీవమ్మ బర్క్ బోను మీద మోచేత్తో ఒక్కటి పొడిచింది. కుక్క అదిరిపడి మొరిగింది. దానితో పాటు మిగిలిన అయిదూ అందుకున్నాయి. డేగ అరిచింది. ఆ గోలలో ముసలాయన పెదవులు ఆగిపోయాయి, కళ్ళు మాత్రం కింది వరసలకు జారాయి. చివరి వరస దాకా వెళ్ళి, మళ్ళీ మధ్యకు వచ్చాయి.

కుక్కలు సద్దుమణిగాయి. ముసలాయన కళ్ళజోడు మీదుగా తల ఎత్తాడు. ముందు సీటు వైపు కాదు, బోనుల మధ్య కూర్చున్న ఆమె వైపు చూశాడు.

“ఇది నిజమా?” అని అరబ్బీలో అడిగాడు.

“నిజమే బాబా.”

“దీని యజమానురాలికి తెలుసా?”

“ఈ కాయితం చేరితే తెలుస్తాది.”

రమేష్‌బాబు కిటికీలోంచి తల బయట పెట్టాడు. “జబ్బు కుక్క బాబా,” అన్నాడు వినయంగా, తనూ అరబ్బీలో. “ఏం భయం లేదు. నేను చూసుకుంటాను.”

ముసలాయన అతని దగ్గరికి నడిచి వెళ్ళాడు. తుపాకీ భుజం మీంచి జారి చేతిలోకి వచ్చింది. ఇక్కడ కాదు తండ్రీ, ఇప్పుడు కాదు, అనుకుంది సంజీవమ్మ.

“దీనితో వెళ్ళేది నువ్వేనా?”

“నేనే బాబా.”

“ఈ సంతకం నీదేనా?”

“నాదే బాబా.”

ఆయన చాలాసేపు అతని మొహం చూశాడు. తరువాత ఆ కాయితం నాలుగు మడతలు పెట్టి, తన చేత్తోనే రమేష్‌బాబు చొక్కా జేబులో దోపి, జేబు మీద తట్టాడు.

“పోగొట్టకు,” అన్నాడు. “యల్లా, వెళ్ళండి.”

బండి కదిలింది. సంజీవమ్మ వెనక్కి తిరిగి చూసింది. ముసలాయన కుర్చీ తెచ్చుకుని, రోడ్డుకు అడ్డంగా, గేటు వైపు మొహం పెట్టి కూర్చుంటున్నాడు.

*

విమానం తోక తెరుచుకుని నేల మీదికి బల్ల వాలింది. దొరబాబు, లాల్ బాషా బోనులు లోపలికి మోసి పట్టీలు బిగించారు. కింది ప్రతులు పైలట్ సంచిలో పడ్డాయి. ఇంజన్లు ఊపందుకున్నాయి. రమేష్‌బాబు బల్ల మీద నిలబడి జేబు తడుముకున్నాడు. ముసలాయన చూపు అతన్ని వదిలినట్టు లేదు. కాయితం తీసి మడతలు విప్పాడు.

“దొరబాబూ, ఏటుందంటావు ఇందులో? ఆ తాత తెగ చూశాడు.”

“నన్నడిగితే ఏం తెలుత్తాది,” అన్నాడు దొరబాబు పట్టీ లాగుతూ. “రాసిన మనిషినే అడగవయ్యా. అక్కగారే కదా ఇవన్నీ రాసేది.”

రమేష్‌బాబు మెల్లగా తిరిగాడు. సంజీవమ్మ నేల మీద, బల్ల చివర నిలబడి ఉంది.

“తమరు రాశారా?”

ఇంక దాచి లాభం లేదని ఆమెకు అర్థమైంది. అదీ కాక, ఆరు నెలల నుంచి ఆ మాట గొంతులో ముల్లులా ఉంది.

“ఆ పొద్దున నేను మేడ మీద ఉన్నా అన్నా. జీపులో నిన్ను చూసినా.”

రమేష్‌బాబు కాయితం రెండుగా, నాలుగుగా చింపాడు. ముక్కలు ఇంజను గాలికి ఎగిరిపోయాయి.

“చింపుకో. నీ సంతకంతోనే ఇంకోటి పైలట్ సంచిలో ఉండాది. దింపుకునేది మామా. లండన్ పోలేదు ఆమె.”

“నేను దిగిపోతాను,” అన్నాడు రమేష్‌బాబు. ఒక అడుగు కిందికి వేశాడు.

“దిగు. గేటు కాడ ఆ పంతులు కుర్చీ వేసుకోని కూర్చోనుండాడు. దిగితే ఆయన, ఎగిరితే మామా. దిగితే ఈ జీవాలు కూడా దిగాల. అప్పుడు నేనే నిన్ను ఆయన కాడికి నడిపించుకపోతాను.”

దొరబాబు చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. ఒకరి మొహం తరువాత ఒకరి మొహం చూస్తున్నాడు.

“పిల్లలున్నారండి నాకు,” అన్నాడు రమేష్‌బాబు.

“సిద్ధయ్యకు లేరా? ఇద్దరు. రాయచోటిలో వాళ్ళ అవ్వ కాడ ఉండారు.”

“చంపుతారని తెలీదండి. బండి లాగేసుకుంటామన్నారు. బండి పోతే నేనేం తినాలి? ఏదో ఒకటి చూపించు, వదిలేస్తామన్నారు. అంతేనండి. అంతే జరిగింది.”

సంజీవమ్మ ఆరు నెలలుగా ఇంతకన్నా పెద్ద కారణం ఏదో ఉంటుందని అనుకుంది. మెడ మీద కత్తి పెట్టి ఉంటారని, ఎప్పుడైనా, ఒక్క క్షణమైనా అనుకుంది. ఆ కాస్త జాలి కూడా ఇప్పుడు పోయింది. మనసు తేలికైంది.

“ఎక్కు,” అంది.

లోపలినుంచి ఎవరో కేక వేశారు. రమేష్‌బాబు గేటు వైపు చూశాడు. మెల్లమెల్లగా వెనక్కి నడిచి, బోనుల మధ్య కూలబడ్డాడు. బర్క్ చెక్కల సందులోంచి నాలుక చాచి అతని చెయ్యి నాకుతోంది. బల్ల పైకి లేచి మూసుకుంది.

విమానం నేల వదిలేదాకా ముగ్గురూ కదలలేదు.

“అక్కగారూ,” అన్నాడు దొరబాబు. “ఈడ్ని ఇంట్లోకి తెచ్చింది నేనే. ఒక్క ముక్క చెప్పుంటే ఆ రోజే నా చేతుల్తో—”

“అందుకే చెప్పలే,” అంది సంజీవమ్మ.

సిద్ధయ్యకు గొయ్యి తవ్విన చేతులు లాల్ బాషావి. అతను పికప్ తలుపు తెరిచి ఆమెను మొదటిసారి ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

*

అయిదో రోజు మధ్యాహ్నం దొరబాబు ఒక కవరు తెచ్చాడు. పైలట్ ఇచ్చాడట. లాల్ బాషా అప్పుడే కందిపప్పు, అన్నం దింపాడు. సంజీవమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కవరు చించింది. మామా చేతిరాత, పెద్దగా, వంకరగా.

రెండుసార్లు చదువుకుంది.

“ఏం రాశారండి?”

“పదమూడూ దిగినాయంట. డేగ తింటాందంట. బర్క్ మామా మంచం కింద పండుకుంటాందంట.”

“మరి పద్నాలుగోది?”

“మామా తమ్ముళ్ళు కూర్చోబెట్టి అడుగుతాండారంట. ఫహద్‌ని ఏ జైలుకు తోలినారో ఊరి పేరు చెప్పినాడంట. ఇంకెవురెవుర్ని చూపించినాడో పేర్లు ఒకటొకటే గుర్తుకొస్తాండాయంట. ఇంకా చెప్తానే ఉండాడంట.”

“ఆపైన?”

“ఆపైన ఏమీ అడగొద్దని రాసింది.”

దొరబాబు తల వంచుకున్నాడు. “కొంచెం భయంగా లేదూ అక్కగారూ?”

సంజీవమ్మ ఆలోచించింది. ఎక్కడైనా భయం ఉందేమోనని లోపల వెతుక్కుంది. ఆకలి తప్ప ఏమీ దొరకలేదు.

పళ్ళెం ముందుకు లాక్కుంది. అన్నంలో పప్పు పోసుకుని, పచ్చిమిరపకాయ చిదిమి, పెద్ద పెద్ద ముద్దలు కలిపి తిని, మళ్ళీ వడ్డించుకుంది. సెప్టెంబరు తరువాత ఆమె రెండోసారి వడ్డించుకోవడం వాళ్ళిద్దరూ అదే మొదలు చూడటం.

“బాషా, ఇంకో ఉల్లిపాయ కొయ్యి నాయనా,” అంది.